మూడొందల మంది చూస్తుండగా

(మండల కేంద్రంలోని అంబేడ్కర్ భవనంలో జరిగిన కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ రోజు మమ్మల్ని మాట్లాడమన్న విషయం ‘సెల్‌ఫోను గ్రూపులు – మన సంఘం’. కూలి రేట్ల గురించో, హాస్టళ్ళ గురించో, భూమి గురించో చెప్పకుండా ఈ పంతులు ఫోన్ల గురించి చెబుతాడేంటని వెనక కూర్చున్న పెద్దవాళ్ళు గుసగుసలాడుకుంటున్నారు. మీ మాట నిజమే. అందుకే మేము భూమి దగ్గరే మొదలుపెడతాం.

పోయిన ఏడాది దుక్కుల కాలంలో మన మండలంలోనే ఒక అవ్వకి జరిగిన సంగతి ఇది. ఆమె పేరు, ఊరు చెప్పం. మీలో చాలామందికి తెలుసు. ప్రభుత్వం ఎప్పుడో ఇచ్చిన అసైన్డు భూమి ఎకరం ముప్పై సెంట్లు ఆమెకుంది. పెనిమిటి పోయాడు. మనవడు డిగ్రీ చదువుతున్నాడు. ఒక రోజు పొద్దున్నే పక్క చేను ఆసామి ట్రాక్టరు దించి, రెండు చేలకీ మధ్య ఉన్న గట్టుని దున్నించేస్తున్నాడు. మనవడు పరిగెత్తుకుంటూ పోయి ఫొటో తీశాడు. తొమ్మిది గంటలకి మన మండలం గ్రూపులో పెట్టాడు. ‘మా చేను దున్నేస్తున్నారు, అందరూ రండి’ అని కింద రాశాడు.

ఇక గ్రూపు మోగిపోయింది. దణ్ణాలు పెట్టినవాళ్ళు, పిడికిళ్ళు పెట్టినవాళ్ళు, కోపం బొమ్మలు పెట్టినవాళ్ళు. ‘తీవ్రంగా ఖండిస్తున్నాం’ అని ఒక నాయకుడు. ‘ఇదేనా స్వాతంత్ర్యం’ అని హైదరాబాదు నుంచి ఒక ఉద్యోగి పెద్ద వ్యాసం. దుబాయిలో పని చేసే తమ్ముడు ఏడుపు గొంతుతో మాటలు రికార్డు చేసి పంపాడు. పరాయివాళ్ళ మాట ఎందుకు, మా సంగతి చెబుతాం. మేము బళ్ళో ఇంటర్వెల్‌లో ఆ ఫొటో చూశాం. ‘ఇది అన్యాయం, కలెక్టరుకి ఫిర్యాదు చేద్దాం’ అని రాశాం. గంట కొట్టారు, క్లాసుకి పోయాం. రాసేశాం కాబట్టి మా వంతు అయిపోయిందనుకున్నాం.

సాయంత్రం పోయి చూస్తే అక్కడ గట్టు లేదు. అవ్వ చేలో కూర్చుని ఉంది. మనవడు ఫోను పట్టుకుని, తన మెసేజీ ఎవరెవరు చదివారో ఆ పేర్లు చూసుకుంటున్నాడు. అవ్వ మమ్మల్ని చూసి అడిగింది: “పంతులూ, పిల్లోడు పొద్దున్నే ఫొటో పంపాడంట గదా. ఎంతమంది చూశారయ్యా?”

“మూడొందల మంది దాకా చూశారవ్వా” అన్నాం.

ఆమె కాసేపు ఊరుకుంది. “అయితే మూడొందల మంది చూస్తుండగా దున్నాడన్నమాట” అంది.

మిత్రులారా, ఇరవై ఏళ్ళుగా సభల్లో మాట్లాడుతున్నవాళ్ళం. ఆ ముసలామెకి చెప్పటానికి ఆ రోజు మా దగ్గర మాట లేదు. ఈ ప్రసంగం ఆమెకి మేము బాకీపడ్డ సమాధానం.

మొదట ఒక సంగతి ఒప్పుకుందాం. కబురు అనేది మనకి కొత్త కాదు. ఈ దేశంలో కబుర్లు మోసిన కులాలే మనవి. ఊళ్ళో ఎవరైనా చచ్చిపోతే చుట్టాల ఊళ్ళకి కాలినడకన చావు కబురు మోసింది ఎవరు? కచేరీ కాగితాలు మోసిన వెట్టివాడు ఎవరు? డప్పు కొట్టి వీధివీధినా చాటింపు వేసింది ఎవరు? మాలపల్లె, మాదిగపల్లె. ఊరి కబుర్లన్నీ మన భుజాల మీదే నడిచాయి. కానీ మన పల్లెలో ఒకడిని చెట్టుకి కట్టేసి కొడితే, ఆ కబురు పొలిమేర దాటించటానికి ఎవ్వడూ లేడు. కబురు మోసే పని మనది, కబురు మీద పెత్తనం వాళ్ళది.

బాబాసాహెబ్ దీన్ని మనకంటే ముందే గుర్తించాడు. 1920 జనవరి 31న ‘మూక్‌నాయక్’ పత్రిక పెట్టాడు. నోరులేనివాళ్ళ నాయకుడు అని దానర్థం. మన ఈ పత్రికలాగే అది కూడా పక్షపత్రిక. దానికి సాయంగా కొల్హాపూరు రాజు సాహు మహారాజు 2,500 రూపాయలిచ్చాడు. ఆ పత్రిక వస్తున్నదని డబ్బు కట్టి ప్రకటన వేసుకుంటామన్నా, తిలక్ పెట్టిన ‘కేసరి’ పత్రిక వెయ్యలేదు. గమనించండి, ఉచితంగా వెయ్యమని అడగలేదు! ఆ తర్వాత 1927లో ‘బహిష్కృత్ భారత్’, 1930లో ‘జనతా’, 1956లో ‘ప్రబుద్ధ భారత్’. ఒకటి ఆగిపోతే ఇంకొకటి పెడుతూనే ఉన్నాడు. ఇటు మన తెలుగు గడ్డ మీద 1931లో హైదరాబాదు నుంచి భాగ్యరెడ్డి వర్మ ‘భాగ్యనగర్’ పత్రిక తెచ్చాడు. రాజమండ్రిలో కుసుమ ధర్మన్న ‘జయభేరి’ నడిపాడు.  వీళ్ళంతా ముందు మన కబురు మన చేతిలో ఉండాలనుకున్నారు.

కారంచేడు సంగతి పెద్దవాళ్ళందరికీ గుర్తే. 1985 జులై 17న మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. చెరువు నీళ్ళు పాడు చెయ్యొద్దని ఒక ఆడబిడ్డ ఎదురు నిలబడి అడిగినందుకు మొదలైన దాడి అది. బతికి బయటపడ్డవాళ్ళు చీరాల పోయారు. అక్కడ శిబిరం వెలిసింది. ఆ ఏడాదే దళిత మహాసభ పుట్టింది. ఆ రోజు ఎవరి చేతిలో సెల్‌ఫోనుంది? కరపత్రం ఉంది, సైకిలుంది, పాట ఉంది. కరపత్రం తెచ్చినవాడు మన గుమ్మంలో నిలబడేవాడు. “చదివావా అన్నా? ఎల్లుండి సభకి మీ పల్లె నుంచి ఎంతమంది వస్తారు?” అని అడిగేవాడు. సమాధానం తీసుకుని గాని కదిలేవాడు కాదు. మనం వస్తామంటే లెక్క రాసుకునేవాడు. కబురుతో పాటు మనిషి కూడా వచ్చేవాడు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

చుండూరు చూడండి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపి గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. మన జనం పోరాడి ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. తీర్పు రావటానికి 2007 జులై 31 దాకా పట్టింది. అంటే పదహారేళ్ళు. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. మనకి న్యాయం జరగలేదు. కానీ ఆ పదహారేళ్ళు సాక్షులు చెదిరిపోకుండా ఎట్లా నిలబడ్డారు? బెదిరింపులకీ, డబ్బు ఆశలకీ లొంగకుండా ఉండటానికి వాళ్ళకి పక్కన మనుషులు కావాలి. ఇళ్ళకి పోయి కూర్చునేవాళ్ళు కావాలి. కోర్టు వాయిదా నాడు కూడా పోయేవాళ్ళు కావాలి. ఆ పని ఫోను చెయ్యదు.

అలాగని ఫోన్లు పారేయండని చెప్పటానికి మేము రాలేదు. అట్లా చెప్పేవాళ్ళు బావి తవ్వుకున్నాక నీళ్ళు తాగొద్దనేవాళ్ళతో సమానం. ఫోను వల్ల ఏం జరిగిందో మూడు సంగతులు చెబుతాం.

ఒకటి. 2016 జనవరి 17. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో మన బిడ్డ రోహిత్ వేముల ప్రాణం తీసుకున్నాడు. అంతకు ముందు అతన్ని, మరో నలుగురిని హాస్టలు నుంచి వెళ్ళగొడితే వాళ్ళు క్యాంపస్‌లోనే గుడారం వేసుకుని దానికి ‘వెలివాడ’ అని పేరు పెట్టుకున్నారు. అతను రాసిపోయిన ఉత్తరాన్ని దేశమంతా చదివింది. పాత రోజుల్లో అయితే ఆ ఉత్తరం పోలీసు ఫైల్లో మగ్గిపోయేది. మన పిల్లలే దాన్ని పంచారు, మన పిల్లలే ఇతర భాషల్లోకి తెచ్చారు. ఎక్కడెక్కడి యూనివర్సిటీల పిల్లలో రోడ్డెక్కారు.

రెండు. అదే ఏడాది జులై 11న గుజరాత్‌లోని ఊనా. చచ్చిన ఆవు తోలు తీస్తున్న మన కుర్రాళ్ళని కారుకి కట్టేసి, చొక్కాలు విప్పి, ఇనప రాడ్లతో కొట్టారు. దాన్ని వీడియో తీసింది కొట్టినవాళ్ళే. మనల్ని భయపెట్టటానికి వాళ్ళే ఊరంతా పంపారు. కానీ ఆ వీడియో చూసి మనవాళ్ళు ఇళ్ళల్లో దాక్కోలేదు. సురేంద్రనగర్‌లో చచ్చిన గొడ్లని తెచ్చి కలెక్టరు ఆఫీసు ముందు పడేశారు. ‘మీ తల్లి కదా, మీరే మోసుకోండి’ అన్నారు. ఊరూరా పని మానేశారు. ఆగస్టులో అహమదాబాదు నుంచి ఊనా దాకా నడిచారు. ఇక్కడ ఏం జరిగిందో చూడండి. వీడియో ఒక్కటే ఏమీ చెయ్యలేదు. వీడియో చూసిన ఒక్కొక్కడూ ‘నేను మొయ్యను’ అన్నాడు. ఆ పని మానటం వల్ల అది ఉద్యమమయ్యింది.

మూడు. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు మన అత్యాచారాల నిరోధక చట్టాన్ని నీరుగార్చే తీర్పు ఇచ్చింది. కేసు పెట్టే ముందు విచారణ జరగాలంది, అరెస్టుకి పైవాళ్ళ అనుమతి కావాలంది. ఏప్రిల్ 2న భారత్ బంద్ అన్న పిలుపు ఫోన్ల ద్వారా ఒక చేతి నుంచి ఇంకో చేతికి పాకింది. పెద్ద పార్టీ ఏదీ ముందుండి పిలవలేదు. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, పంజాబ్‌లలో జనం పోటెత్తారు. కాల్పులు జరిగాయి, మనవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ ఆగస్టులో పార్లమెంటు చట్టాన్ని సవరించి 18ఏ సెక్షన్ తెచ్చింది. ఎఫ్‌ఐఆర్‌కి ముందు విచారణ అక్కర్లేదని అందులో రాసుంది. 2019 అక్టోబరు 1న సుప్రీంకోర్టు తన పాత ఆదేశాలను వెనక్కి తీసుకుంది. 2020 ఫిబ్రవరి 10న ఆ సవరణ చెల్లుతుందని చెప్పింది. ఇది మన గెలుపు. కానీ బంద్ నాడు అరెస్టయిన కుర్రాళ్ళ మీద కేసులు చాలాకాలం నడిచాయి. రోడ్డు మీదికి రమ్మనే మెసేజీ లక్షల మందికి చేరింది. జామీను ఇచ్చేవాడు, వకీలు ఫీజు కట్టేవాడు, జైలు దగ్గరికి అన్నం పట్టుకుపోయేవాడు మాత్రం ఒక్కొక్కరినీ వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ పని చేసినవాళ్ళ పేర్లు ఏ స్టేటస్‌లోనూ కనబడవు.

ఈ మూడింటి నుంచి మేము నేర్చుకున్న పాఠం ఒక్కటే. ఫోను కబురుని మోస్తుంది, మనిషిని మొయ్యదు. కబురు వెనక ఒక పని, ఆ పని వెనక ఒక పేరు ఉంటే అది సంఘం. లేకపోతే అది గుంపు.

మరి మన గ్రూపుల్లో ఇప్పుడు జరుగుతున్నదేమిటి? మొహమాటం లేకుండా మాట్లాడుకుందాం.

పొద్దున్న లేస్తే శుభోదయం బొమ్మలు. తర్వాత ఎవడో ఎక్కడో పుట్టించిన అబద్ధం. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారన్న పుకారు ఫోన్లలో పాకి, ఈ దేశంలో అమాయకుల్ని కొట్టి చంపారు. ఆ తర్వాతే వాట్సాప్ కంపెనీ మన దేశంలో ఒక మెసేజీని ఐదుగురికి మించి ఒకేసారి పంపకుండా కట్టడి పెట్టింది. కంపెనీ కట్టడి సరే, మన కట్టడి ఏది? అంబేడ్కర్ అనని మాటలు అంబేడ్కర్ బొమ్మ పక్కన రాసి పంపుతున్నాం. ఆయన రచనల సంపుటాల్ని మహారాష్ట్ర ప్రభుత్వం 1979 నుంచి అచ్చు వేస్తూనే ఉంది, తెలుగులోనూ వచ్చాయి. తెరిచి చూసేవాళ్ళెంతమంది?

రెండోది అడ్మిన్ సంగతి. మన పల్లెల్లో ఒక పెత్తందారు మీద తిరగబడి వచ్చినవాళ్ళం. ఇప్పుడు గ్రూపులో చిన్న ప్రశ్న అడిగితే తీసి పారేసే కొత్త పెత్తందారుని తయారు చేసుకున్నాం. ఏప్రిల్ 14 చందా లెక్క అడిగాడని ఒక తమ్ముణ్ణి గ్రూపులోంచి తీసేశారు. లెక్క అడిగేవాణ్ణి వెలివేస్తే మనకీ ఊరికీ తేడా ఏముంది?

మూడోది ఆడవాళ్ళు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి. తాము సొంతంగా వాడుకునే ఫోనున్న ఆడవాళ్ళు దేశంలో నూటికి 54 మంది. పల్లెల్లో చూస్తే 47 మంది. కూలికి పోయే మన అక్కచెల్లెళ్ళ సంగతి ఇక చెప్పేదేముంది! ఇంట్లో ఫోను కొడుకు చేతిలోనో మొగుడి చేతిలోనో ఉంటుంది. మన మండలం గ్రూపులో ఆడవాళ్ళ పేర్లు లెక్కపెట్టాం, రెండు చేతుల వేళ్ళు దాటలేదు. నాట్లు వేసేది వాళ్ళు, ధర్నాలో ముందు వరసలో కూర్చునేది వాళ్ళు, పోలీసు లాఠీ ముందు తగిలేది వాళ్ళకి. కబురు మాత్రం వాళ్ళకి ఆఖర్న తెలుస్తుంది. భూమి పోయిన అవ్వ కూడా తన భూమి గురించి ఎవరేం రాశారో చదవలేదు.

నాలుగోది చెప్పటానికి నోరు రావటం లేదు, అయినా చెప్పాలి. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల బెంచి, షెడ్యూల్డు కులాల వర్గీకరణ చేసే అధికారం రాష్ట్రాలకి ఉందని తీర్పిచ్చింది. 2025లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వర్గీకరణ అమల్లోకి వచ్చింది. 1994లో ఈదుముడి నుంచి బయలుదేరిన దండోరా ముప్పై ఏళ్ళు అడిగిన మాట అది. దాన్ని కాదనేవాళ్ళ వాదన కూడా మీకు తెలుసు. మేము ఏ పల్లె నుంచి వచ్చామో, మా అభిప్రాయం ఏమిటో మీకు తెలుసు. ఈ రోజు ఆ వాదనలోకి పోము. కానీ ఆ రోజుల్లో మన గ్రూపులో రాసుకున్న మాటలు గుర్తు తెచ్చుకోండి. ఊళ్ళోవాళ్ళు కూడా ఎదురుగా అనటానికి జంకే మాటలు మనం ఒకళ్ళనొకళ్ళం రాసుకున్నాం. ఒకే బళ్ళో చదివి, ఒకే హాస్టల్లో ఒకే కంచంలో తిన్నవాళ్ళు రాత్రికి రాత్రి గ్రూపు చీల్చుకున్నారు. ఎదురెదురుగా కూర్చుని ఉంటే ఆ మాట నోటెంట వచ్చేదా? ఎదుటివాడి మొహం కనబడితే నాలుక కాస్త ఆగుతుంది. ఫోనులో మొహం కనబడదు. అవ్వ గట్టు దున్నిన రోజున కూడా చాలామంది రాకపోవటానికి అసలు కారణం ఇదే. ‘ఆమె వాళ్ళ పల్లె మనిషి కదా, వాళ్ళు చూసుకుంటారు’ అనుకున్నారు. ట్రాక్టరు నడిపినవాడు మాత్రం అది మాలపల్లె భూమా, మాదిగపల్లె భూమా అని ఆగి అడగలేదు.

ఐదోది. ఈ రచ్చబండ మనది కాదు. వాట్సాప్‌ని 2014లో ఫేస్‌బుక్ కంపెనీ కొనుక్కుంది. మనం అక్కడ వేసుకున్నది పోరంబోకులో గుడిసె లాంటిది, పట్టా లేదు. వాళ్ళు తల్చుకుంటే ఒక్క రోజులో ఖాతా మూసేస్తారు. ప్రభుత్వం తల్చుకుంటే జిల్లా మొత్తం ఇంటర్నెట్ ఆపేస్తుంది. గ్రూపులో మనతో పాటు ఆసామి మనిషీ ఉండొచ్చు, పోలీసు మనిషీ ఉండొచ్చు. అందుకే ఈ కాగితం పత్రికని ఇంకా బతికించుకుంటున్నాం. కరెంటు పోయినా, సిగ్నలు పోయినా కాగితం చదువుకోవచ్చు.

ఇప్పుడు అవ్వ దగ్గరికి తిరిగి వద్దాం. ఆ సాయంత్రం సిగ్గుపడి లేచిపోయినవాళ్ళం, రాత్రికి పన్నెండు మందిమి మళ్ళీ ఆ ఇంటి అరుగు మీద కూర్చున్నాం. రెండు పల్లెలవాళ్ళమూ ఉన్నాం. ఫోన్లు పక్కన పెట్టాం. ఒక నోటుబుక్కు తీసి ఎడమ పక్క పని, కుడి పక్క పేరు రాశాం. అడంగల్ నకలు తెచ్చేది ఒకరు. పట్టా కాగితం వెతికేది మనవడు. ఫిర్యాదు రాసేది మేము. ఫొటో అసలుది ఫోనులోనే భద్రం చేసి, కాపీ వేరే చోట దాచేది ఒక కంప్యూటరు తెలిసిన తమ్ముడు. తెల్లారి నుంచి చేలో కూర్చునేది ఆరుగురు ఆడవాళ్ళు. వాళ్ళకి అన్నం తెచ్చేది ఇద్దరు. వకీలుతో మాట్లాడేది ఒకరు. అప్పుడు గ్రూపులో ఒక్క మెసేజీ పెట్టాం: ‘ఈ పనులకి ఈ పేర్లు కుదిరాయి. ఇంకా నలుగురు కావాలి. వచ్చేవాళ్ళు పేరు, వచ్చే టైము రాయండి. వేరే ఏమీ రాయొద్దు.’ దణ్ణాల బొమ్మలు రాలేదు. ఏడుగురి పేర్లు వచ్చాయి. దుబాయి తమ్ముడు వకీలు ఖర్చుకి డబ్బు పంపాడు, రసీదు గ్రూపులో పెట్టాం. హైదరాబాదు ఉద్యోగి సెలవు పెట్టి వచ్చి తహసీల్దారు ఆఫీసులో మాతో పాటు రెండు రోజులు నిలబడ్డాడు. సర్వేయరు వచ్చి కొలిచాడు. గట్టు మళ్ళీ పడింది. కేసు ఇంకా నడుస్తోంది, గెలిచామని చెప్పం. కానీ ఈ ఏడాది ఆ ఎకరం ముప్పై సెంట్లలో అవ్వే పంట వేసింది.

మనుషులు మారలేదు మిత్రులారా. అదే గ్రూపు, అవే ఫోన్లు. అడిగిన పద్ధతి మారింది. ‘అందరూ రండి’ అంటే ఎవ్వరూ రారు. ‘ఫలానా పనికి నువ్వు రా’ అంటే వస్తారు.

కాబట్టి ఇక నుంచి మనం పాటించాల్సినవి కొన్ని చెబుతాం. రాసుకోండి.

గ్రూపులు రెండు చేసుకుందాం. ఒకటి కబుర్లకి, ఒకటి పనికి. పని గ్రూపులో పని, పేరు, టైము తప్ప వేరే మాట ఉండకూడదు. అడ్మిన్లు మూడు నెలలకోసారి మారాలి. ప్రతిసారీ మాలపల్లె నుంచి ఒకరు, మాదిగపల్లె నుంచి ఒకరు, ఆ ఇద్దరిలో ఒకరు ఆడమనిషి. చందా లెక్క, రసీదులు గ్రూపులోనే పెట్టాలి. అడిగితే తీసెయ్యటం ఉండదు.

ఏ కబురైనా ముందు ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు చూశారు అని కనుక్కోండి. ఆ ఊళ్ళో మనకి తెలిసినవాళ్ళకి ఒక ఫోను చేసి మాట్లాడండి. ఆ తర్వాతే పంపండి. దాడి జరిగితే తీసిన వీడియోని చెరపొద్దు. తీసిన ఫోన్లో అట్లాగే ఉంచండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే వీడియో నాణ్యత తగ్గిపోతుంది, డాక్యుమెంటుగా పంపండి. 2024 జులై 1 నుంచి కొత్త సాక్ష్య చట్టం వచ్చింది. అందులో 63వ సెక్షన్ ప్రకారం ఫోను సాక్ష్యానికి సర్టిఫికెట్ జతచెయ్యాలి, వకీలుని అడగండి. అత్యాచారానికి గురైన ఆడబిడ్డ పేరు గానీ, మొహం గానీ, ఊరు గానీ ఎవ్వరూ పంపొద్దు. అది నేరం, పైగా ఆ బిడ్డకి రెండోసారి చేసే అన్యాయం.

చట్టం తెలుసుకోండి. మన భూమిని ఆక్రమించి దున్నటం అత్యాచారాల నిరోధక చట్టంలో 3(1)(ఎఫ్) కింద నేరం, మనల్ని భూమి నుంచి వెళ్ళగొట్టడం 3(1)(జి) కింద నేరం. అరవై రోజుల్లో దర్యాప్తు పూర్తి కావాలని రూల్సు చెబుతున్నాయి. స్టేషన్లో కేసు తీసుకోకపోతే 14566కి ఫోను చెయ్యండి. 2021 డిసెంబరు నుంచి అది మన కోసం పెట్టిన నంబరు. ఇంటర్నెట్‌లో కులం పేరుతో తిడితే, తిట్టిన మనిషి ఎదురుగా మనం లేకపోయినా ఈ చట్టం వర్తిస్తుందని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది. గ్రూపులో ఎవడో పెట్టినదానికి అడ్మిన్‌ని దోషిని చెయ్యటానికి లేదని 2021లో బొంబాయి హైకోర్టు, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. కాబట్టి భయపడి అడ్మిన్‌గా ఉండటం మానొద్దు. ధైర్యం ఉంది గదా అని నోటికొచ్చింది రాయొద్దు.

ఆఖరుది, అన్నిటికంటే ముఖ్యమైనది. ప్రతి ఆదివారం సాయంత్రం, చర్చి వాకిట్లోనో అంబేడ్కర్ విగ్రహం దగ్గరో ఒకరు కూర్చుని, ఆ వారం గ్రూపులో వచ్చిన పనికొచ్చే సంగతులు ఫోను లేనివాళ్ళకి చదివి వినిపించాలి. స్కాలర్‌షిప్పు గడువు, హాస్టలు సీట్లు, ఉపాధి పని, ఇళ్ళ స్థలాల జాబితా, ఏదైనా సరే. వాళ్ళు చెప్పింది మళ్ళీ గ్రూపులో పెట్టాలి. చదువుకున్న పిల్లలు ఈ పని వంతులవారీగా చెయ్యండి. ఒకప్పుడు ఊరి కోసం వెట్టిగా కబురు మోశాం. ఇప్పుడు మన కోసం మనం ఇష్టంగా మోద్దాం.

మేము ఇంతసేపు మాట్లాడింది విని చప్పట్లు కొట్టి వెళ్ళిపోతే, అది కూడా దణ్ణం బొమ్మ పెట్టినట్టే. గుమ్మం దగ్గర బల్ల మీద ఒక నోటుబుక్కు పెట్టాం. ఎడమ పక్క పల్లెల పేర్లు రాసున్నాయి, కుడి పక్క ఖాళీగా ఉంది. ఏ పల్లెలో ఆదివారం చదివి వినిపించేది ఎవరో రాసి వెళ్ళండి. రాయటం రానివాళ్ళు పేరు చెప్పండి, మేము రాస్తాం. అవ్వ కూడా ఈ రోజు వచ్చింది, అదుగో ఆ స్తంభం పక్కన కూర్చుంది. వాళ్ళ పల్లెకి ఆమే ముందు పేరు రాయించింది. చదివేది మనవడంట, జనాన్ని పోగు చేసేది తనంట.

జై భీమ్!